కప్పు లేని గోయి

వాక్యభాగము: నిర్గమకాండము 21:33, 34, లూకా 10:25–37



ఈ నెల ధ్యానమునకు మేము ఎత్తుకొనిన వాక్యభాగము ప్రసంగపీఠముల మీదనుండి తరచుగా వినబడునది కాదు. నిర్గమకాండము ఇరువదియవ అధ్యాయములో పది ఆజ్ఞలు విని, అక్కడ పుస్తకము మూసివేయు అలవాటు మనలో చాలామందికి గలదు. తరువాతి అధ్యాయములో దేవుడు పల్లెటూరి సంగతులు మాటలాడుచున్నాడు. పొడుచు ఎద్దు సంగతి, కొట్లాటలో దెబ్బ తిని మంచము పట్టినవాని సంగతి, మూత వేయని గోతి సంగతి. ఉరుములు మెరుపుల మధ్య సీనాయి కొండమీదికి దిగివచ్చిన దేవునికి ఒక రైతు గాడిద ఏ గోతిలో పడినదను విచారణ ఎందుకని ఎవరైనను అడుగవచ్చును. ఆయన విచారించెను. ఒకడు గోయి త్రవ్వి దానిని కప్పక విడిచిపెట్టగా పొరుగువాని ఎద్దుగాని గాడిదగాని అందులో పడి చచ్చినయెడల, గోతి యజమానుడే దాని వెల ఇచ్చుకొనవలెనని తీర్పు చెప్పెను.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. ఆ పశువును గోతిలోనికి ఎవరును త్రోయలేదు. అది తన నాలుగు కాళ్లతో తానే నడచిపోయి పడినది. గోతి యజమానుడు న్యాయాధిపతుల ఎదుట నిలిచి, “అయ్యా, నేను దాని పలుపు పట్టి లాగితినా? దారి చూచుకొని నడువవలసినది అదే గదా?” అని చెప్పుకొనుటకు ధర్మశాస్త్రము సందు ఇయ్యలేదు. గోయి త్రవ్వినది ఎవడు, మూత వేయనిది ఎవడు అని మాత్రమే అడిగినది.

మన ప్రాంతపు వారికి ఈ మాట వివరించి చెప్పవలసిన పనిలేదు. బోర్లు వచ్చిన తరువాత ఎండిపోయిన పాతబావులు మన చేలలో ఎన్ని ఉన్నవో మీకు తెలియును. ఒడ్డు కూలి, కంప పెరిగి, రాత్రివేళ దారి తప్పిన ఆవు అందులో పడగా మోకులు వేసి పైకి లాగిన చేతులు మన సంఘములలోనే గలవు. మూత లేని బోరు గుంతలలో పసిబిడ్డలు పడి చనిపోవుచుండగా, 2010లో మన దేశపు సుప్రీంకోర్టు ఆ గుంతలను గూర్చి కట్టడలు చేసినది. బోరు వేయుటకు ముందే అధికారులకు తెలుపవలెను, చుట్టును కంచె వేయవలెను, పనికిరాని గుంతను మట్టితో పూడ్చవలెను. “బిడ్డను తల్లి చూచుకొనవలసినది” అని కోర్టువారు అనలేదు. మోషే చెప్పిన మాటయే మరియొక విధముగా చెప్పిరి.

ఇప్పుడు ఈ గోతి ప్రస్తావన ఎందుకు తెచ్చితిమో చెప్పుదుము. మా గురుమండలములోని ఒక పల్లెలో, చెరువు కట్ట మొదట, రోడ్డు వచ్చి కలియుచోట, ఒక భోజన హోటలును దాని ప్రక్కనే సీసాలమ్ము మద్యపు దుకాణమును పెట్టవలెనని యత్నము జరుగుచున్నది. చెరువు మీది గాలి చల్లగా వీచు స్థలము. దుకాణములో సీసా కొనుక్కొని బయట బల్లలయొద్దగాని, కట్టమీద గాని, మరవ దగ్గరి బండలమీద గాని కూర్చుండవచ్చును. లోపల త్రాగుటకు అనుమతి వేరు, సీసా చేతికిచ్చి పంపివేయుటకు అనుమతి వేరు. కాగితము మీద ఈ రెంటికిని భేదము చాలా ఉన్నది. రేవులో బట్టలుతుకు స్త్రీకి మాత్రము ఆ భేదము తెలియదు. సీసా దుకాణము గడప దాటిన వెంటనే అమ్మినవాని బాధ్యత ముగియును. అక్కడనుండి బాధ్యత ఆమెదగును.

ఇరుగుపొరుగువారు కలిసి అభ్యంతరపు అర్జీ వ్రాసిరి. మనవారినికూడ సంతకము చేయుమని అడిగిరి. అప్పుడు సంఘ పెద్దలలో కొందరు మాయొద్దకు వచ్చి మూడు నాలుగు ప్రశ్నలు వేసిరి. అవి ఒక్క పల్లెవారి ప్రశ్నలు కావు గనుక ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదటిది, “అయ్యగారూ, మన యిండ్లు ఆ దుకాణమునకు చాలా దూరము గదా, మనకేల?” అన్నది. ఈ దూరపు లెక్కను కొంచెము చూతము. గుడికి, బడికి, ఆసుపత్రికి 100 మీటర్ల లోపల మద్యపు దుకాణము ఉండరాదని మన రాష్ట్రపు ఎక్సైజు నియమములు చెప్పుచున్నవి. మంచిదే. అయితే ఆ 100 మీటర్లను పక్షి ఎగిరినట్లు తిన్నగా కొలువరు. మనిషి నడచు దారిని బట్టి, ఈ వాకిలి నుండి ఆ వాకిలికి కొలుతురు. వాకిలి ఇటు వైపునకు తిప్పి పెట్టినయెడల దూరము పెరుగును. గోడ ఒకటి అడ్డము కట్టినయెడల ఇంకను పెరుగును. కొలబద్ద అబద్ధమాడదు గాని, దానిని పట్టుకొనిన చేయి ఎటు తిరుగునో చెప్పలేము.

2016 డిసెంబరులో సుప్రీంకోర్టు, జాతీయ రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యపు దుకాణములు ఉండరాదని తీర్పు చెప్పినది. త్రాగి బండ్లు నడిపి చచ్చువారి సంఖ్య చూచి చెప్పిన తీర్పు అది. తరువాత 2017 మార్చి నెలాఖరున, జనాభా 20,000 లోపు ఉన్న చోట్ల ఆ దూరమును 220 మీటర్లకు తగ్గించిరి. రోడ్డు మీది ప్రయాణికునికి అది మేలే. అయితే రోడ్డు ప్రక్కనుండి లేచిన దుకాణము ఎక్కడికి పోవలెను? ఊరిలోనికి వచ్చినది. ఇండ్ల మధ్యకు వచ్చినది. 2017 వేసవి దాటునప్పటికి మన రాష్ట్రములో అనేక స్థలములయందు స్త్రీలు ఆ దుకాణముల ఎదుట బైఠాయించిరి. ఒక గోతిని పూడ్చి ప్రక్కనే మరియొకటి త్రవ్వినట్లయినది.

మన తిరుపతి పట్టణమును చూడుడి. కొండమీద మద్యము బొత్తిగా నిషిద్ధము. క్రింద పట్టణములో సహితము రైల్వే స్టేషను, బస్టాండు మొదలుకొని అలిపిరి వరకు యాత్రికులు నడుచు దారిలో దుకాణములు ఉండరాదని ప్రభుత్వము నియమము చేసినది. పరాయి ఊరినుండి వచ్చిన యాత్రికుని మనస్సు నొచ్చుకొనకూడదని చేసిన నియమమది. మేము దానిని మెచ్చుకొనుచున్నాము. అయితే మేము అడుగునది ఇది: సంవత్సరమునకు ఒకసారి వచ్చి పోవు యాత్రికుని దారికి దొరికిన కాపుదల, దినమునకు రెండుసార్లు పాల క్యాను ఎత్తుకొని కట్టమీద నడుచు స్త్రీ దారికి ఎందుకు దొరకకూడదు? ఆమె నడుచు దారిని గూర్చి ఏ నియమములోను ఒక్క మీటరైనను వ్రాయబడలేదు.

లూకా సువార్త పదియవ అధ్యాయములో ధర్మశాస్త్రోపదేశకుడు ప్రభువును అడిగిన ప్రశ్నయు ఇటువంటిదే. పొరుగువాడెవడని అడిగెను. అతడు కోరినది ఒక కొలత. ఎంత దూరము వరకు పొరుగు, ఎక్కడ దాటిన తరువాత పొరుగు కాదు అని తెలిసికొని, అంత మట్టుకు ప్రేమించి ఊరకుండవలెనని అతని యుద్దేశము. ప్రభువు కొలత ఇయ్యలేదు. యెరికో దారిలో దెబ్బలు తిని పడియున్న ఒక మనుష్యుని చూపించెను. యాజకుడును లేవీయుడును ఆ మనుష్యునికి ఎడముగా, దారి అవతలి ప్రక్కను నడచిపోయిరి. వారు పాటించిన దూరము ఎన్ని మీటర్లో మనకు తెలియదు గాని, ఆ దూరమే వారి తీర్పు అయినది. సమరయుడు ఆ ఊరివాడు కాడు, ఆ జాతివాడు కాడు, అతని ఇల్లు ఆ దారిలో లేదు. అయినను ప్రభువు లెక్కలో పొరుగువాడు అతడే.

2021 నవంబరులో కురిసిన వానలు మీకు జ్ఞాపకమున్నవి గదా. తిరుపతి దగ్గరి రాయలచెరువు నిండి, కట్టకు గండి పడునేమోనన్న భయము పుట్టినది. కట్టలో ఒకచోట నీరు ఊరుట కనబడగా క్రింది పల్లెలవారిని ఖాళీ చేయించి, ఇసుక మూటలు వేసి రాత్రింబగళ్లు కాపు కాచిరి. ఆ దినమున ఏ రైతైనను “నీరూరు చోటు నా చేనికి ఎదురుగా లేదు, నాకేమి?” అని యింట పండుకొనెనా? చెరువు తెగినయెడల నీరు ఎవరి సరిహద్దు రాళ్లను చూచి ఆగదని ప్రతివానికి తెలియును. సారా సంగతియు అంతే. దుకాణమునకు 100 మీటర్ల లోపల నివసించువారు అందులో త్రాగువారిలో ఎందరు? త్రాగి వచ్చువాడు ఏ వాడకైనను వచ్చును. వాని దెబ్బలు తిను భార్య ఏ వాడలోనైనను ఉండును. పదియేను దినముల కొకసారి వచ్చు పాలబిల్లు ఏ ఊరి యావుదైనను కావచ్చును, అది పోయి పడుచోటు మాత్రము ఒక్కటే.

రెండవ ప్రశ్న కొంచెము బరువైనది. “అధికారమంతయు దేవునివలన కలిగినదని రోమా పత్రిక 13వ అధ్యాయములో పౌలు వ్రాసెను గదా. ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చినప్పుడు క్రైస్తవుడు దానికి ఎదురు సంతకము చేయవచ్చునా?” అని ఒక పెద్ద అడిగిరి. ఆ పెద్ద పిరికితనముచేత అడుగలేదు, మనస్సాక్షి చేత అడిగిరి.

రోమా పత్రిక వ్రాసిన పౌలే అపొస్తలుల కార్యములు 16లో ఏమి చేసెనో చూడుడి. ఫిలిప్పీలో న్యాయాధిపతులు విచారణ లేకుండ కొట్టించి చెరసాలలో వేయించి, మరునాడు గుట్టుగా వెళ్లగొట్టజూచినప్పుడు, అతడు వెళ్లలేదు. తాను రోమా పౌరుడనని చెప్పి, వారే వచ్చి బయటికి తీసికొని పోవలెనని పట్టుపట్టెను. 25వ అధ్యాయములో కైసరునకు అర్జీ చేసికొనెను. అధికారికి లోబడుట అనగా అతని ఎదుట నోరు మూసికొనుట కాదు. అతడిచ్చిన దారిలో, అతని బల్లయొద్దకే పోయి మాటలాడుట. అభ్యంతరము చెప్పుటకు ప్రభుత్వమే దారి ఉంచినప్పుడు, ఆ దారిని నడచుట తిరుగుబాటు ఎట్లగును?

అదియు గాక, మన దేశపు రాజ్యాంగము 47వ అధికరణము చదివినవారు ఎందరో మాకు తెలియదు. మత్తు పానీయములను ఔషధముల నిమిత్తము తప్ప వాడకుండ నిషేధించుటకు రాజ్యము ప్రయత్నింపవలెనని అందులో నిర్దేశము ఉన్నది. మద్యము అమ్ముట ఎవనికిని ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు కూడ చెప్పియున్నది. అమ్మువాని చేతిలోని లైసెన్సు హక్కు కాదు, అనుమతి మాత్రమే. అనుమతి ఇచ్చినవారిని మరల ఆలోచించుమని వేడుకొనువాడు రాజ్యమునకు శత్రువు కాడు. రాజ్యము మరచిన మాటను జ్ఞాపకము చేయువాడు.

మరచిపోవుటకు కారణము లేకపోలేదు. 2024 అక్టోబరులో మన రాష్ట్రములో 3,396 దుకాణములకు చీట్లు వేసిరి. ఒక్కొక్క దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు, తిరిగి ఇయ్యబడనివి. 89,882 దరఖాస్తులు వచ్చినవి. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు సుమారు 1,800 కోట్ల రూపాయలు చేరినవి. కంచె చేను మేయుట అందురే, అది ఇట్లే మొదలగును. అన్ని లక్షలు పోసి చీటి గెలిచినవాడు ఊరివారికి దాహము లేకపోయినను దాహము పుట్టింపక యేమి చేయును? ఇంకను చెప్పవలెననిన, లైసెన్సు దుకాణమునుండి సీసాలు తెచ్చి సందులలోను చిల్లర అంగళ్లలోను అమ్ము బెల్టు షాపులు ఆ దాహమునకు పుట్టిన పిల్లలే.

ఈ పోరాటము మన జిల్లాకు క్రొత్తది కాదని పిల్లలకు చెప్పవలసియున్నది. రాజాజీగారు మద్రాసు రాజధానిలో ప్రధానమంత్రిగా ఉన్నప్పుడు 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధము మొదలు పెట్టిరి. సంవత్సరము తిరుగగానే, 1938 అక్టోబరు 1న దానిని విస్తరించినప్పుడు ఎంచుకొనినవి మన చిత్తూరును ప్రక్కనున్న కడపయు. దక్షిణదేశములో తొలిసారి సారా అంగళ్లు మూతబడిన తెలుగు జిల్లాలు ఇవే. పోయిన ఆదాయమును పూడ్చుటకు 1939లో అమ్మకపు పన్ను పెట్టిరి. యుద్ధకాలములో, ప్రజల మంత్రివర్గము లేని దినములలో, నిషేధమును నిలిపివేసిరి; పన్నును మాత్రము నిలుపలేదు. ఇది చరిత్రలోని ఒక చిన్న వింత. యుద్ధము ముగిసిన పిమ్మట నిషేధము తిరిగి వచ్చి, 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటను వ్యాపించినది. ఆంధ్ర రాష్ట్రమేర్పడిన తరువాత 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఈ ప్రశ్న మీదనే ఒక్క ఓటు తేడాతో కూలిపోయినది. తరువాతి ఏండ్లలో నిషేధము సడలిపోయినది.

మరల దానిని లేపినవారు మంత్రులు కారు. మన పొరుగు జిల్లా నెల్లూరులో దూబగుంట అను పల్లెలోని కూలి స్త్రీలు. 1992లో రాత్రిబడికి పోయి అక్షరములు నేర్చుకొనుచు, తమ వాచకములో సారాను గూర్చిన పాఠము చదివి, పుస్తకము మూసి, పోయి సారా అంగడిని మూయించిరి. రోశమ్మగారి పేరు ఆ దినములలో రాష్ట్రమంతటను వినబడెను. నెల్లూరులో సారా వేలములు జరుగనీయక పలుమారు ఆపిరి. 1993 అక్టోబరు 1న సారా నిషేధము వచ్చెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను.

“చూచితిరా, వచ్చిన ప్రతిసారి పోవుచునే యున్నది” అని ఎవరైనను అందురు. ఆ మాటలో నిజమున్నది. మన జిల్లాకు ఒక ప్రక్క తమిళనాడు, మరియొక ప్రక్క కర్ణాటక. సరిహద్దు దాటి సీసాలు వచ్చినవి. అడవి ప్రక్కల పల్లెలలో నాటుసారా బట్టీలు లేచినవి. దుకాణము లేకపోయినయెడల నాటుసారా త్రాగి చత్తురు గనుక దుకాణమే మేలని వాదించువారు నేడును గలరు. దానికి మా సమాధానము ఇది. రాష్ట్రమంతటి నిషేధము మంచిదా కాదా అను పెద్ద ప్రశ్నను ఆ అర్జీ ఎత్తలేదు. చెరువు కట్ట మీద, రేవు ప్రక్కన, బడిపిల్లలు నడుచు దారిలో ఈ గోయి వద్దని మాత్రమే అది చెప్పుచున్నది. దేశములోని గోతులన్నియు పూడ్చలేము గనుక ఇంటిముందరి గోతికి మూత వేయకూడదా?

కానా ఊరి పెండ్లిని గూర్చియు, తిమోతి కడుపునొప్పికి పౌలు చెప్పిన కొంచెము ద్రాక్షారసమును గూర్చియు ఎత్తిచూపువారికి ఎక్కువ చెప్పము. తిమోతికి పౌలు చెప్పినది కొంచెము, అదియు మందుగా. కానా పెండ్లిలో ఏ భార్యయైనను దెబ్బలు తిన్నట్లు యోహాను వ్రాయలేదు.

ఇప్పుడు అమ్మువానిని గూర్చి. అర్జీలు వ్రాయునప్పుడు మనుష్యుల నోట ద్వేషము పొంగుట సహజము. ఫిలిప్పీలో సోదె చెప్పు చిన్నదాని యజమానులు తమ లాభము పోయెనని పౌలును ఈడ్చిరి. ఎఫెసులో కంసాలి దేమేత్రి తన వృత్తికి నష్టమని ఊరినంత రేపెను. లాభము పోవునను భయము మనిషిని ఎంత దూరము తీసికొనిపోవునో వాక్యము ఎరుగును. గనుక ఆ దుకాణపువాడు మనలను తిట్టినయెడల ఆశ్చర్యపడకుడి, ప్రతిగా తిట్టకుడి. అతనికిని బిడ్డలున్నారు. ఆ దుకాణములో జీతమునకు కుదురు కుర్రవాడు మన వాడవాడే కావచ్చును. ఆ యువకునికి హోటలులో పని దొరకినయెడల మేము సంతోషింతుము. భోజన హోటలు మీద మాకు అభ్యంతరము లేదు. అర్జీలో ఆ సంగతి స్పష్టముగా వ్రాయవలెనని చెప్పియున్నాము. మన యభ్యంతరము అన్నము మీద కాదు, సీసా మీద.

మరియొక సంకోచము. అర్జీ కాగితము గుడి మంటపములో పెట్టియున్నది, అక్కడికి మనమెట్లు పోవుదుమని ఒకరిద్దరు అనిరి. ఆ కాగితము మీద పూజారిగారి సంతకము ఉన్నది, ప్రక్క వీధి సాయిబుగారి సంతకము ఉన్నది. వారు పిలిచినది మన దారి కూడ తమ దారియే అనుకొని. మన వాడను ఊరికి దూరముగా ఉంచిన దినములు పెద్దలకు జ్ఞాపకమే. ఆ దూరము ఒక కాగితము మీద తగ్గుచుండగా మనమే వెనుకకు జరుగుదుమా? మంటపము మెట్లమీద కాగితము తెప్పించుకొని సంతకము చేయుటకు ఏర్పాటైనది. ఇంతకుమించి దీనిని పెంచవద్దు.

ఇక అన్నిటికంటె కష్టమైన మాట. నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయము ఇంటివారందరు కూర్చుండి చదువుడి. అక్కడ జనులును వారి భార్యలును మొరపెట్టిరని వ్రాయబడియున్నది. భార్యలను ప్రత్యేకముగా పేర్కొనెను. పొలములు, ద్రాక్షతోటలు కుదువబోయి, బిడ్డలు దాస్యములోనికి పోవుచున్నారని వారి మొర. నెహెమ్యా కోపపడి, ఆలోచించి, పెద్దలను గద్దించి, సభ కూర్చెను. అటు తరువాత అతడు చెప్పిన మాట చూడుడి. నేనును నా బంధువులును నా దాసులునుకూడ అప్పులిచ్చువారమే, ఇక దానిని మానుదమని తన్ను తానే లెక్కలో చేర్చుకొనెను. ఎదుటివాని వేలు విడువుమని చెప్పుటకు ముందు తన పిడికిలి తెరచెను.

మన సంఘములలో పెండ్లి భోజనము తరువాత పెరటిలో ఏమి జరుగుచున్నదో మనకు తెలియును. చావు యింట పాడె లేవకముందే సీసాకు డబ్బు లెక్కించు ఆచారము మనలో పోలేదు. క్రిస్మసు రాత్రి పాటల గుంపులో వెనుక నడుచువారి నోటివాసన పిల్లలు ఎరుగుదురు. పగలు దుకాణము వద్దని సంతకము చేసి, రాత్రి ఆ దుకాణమునకే బిడ్డ చేత డబ్బిచ్చి పంపినయెడల, ఆ సంతకమును అధికారి చూడకపోయినను ఆ బిడ్డ చూచును. గనుక స్త్రీల సమాజమువారు తెచ్చిన తీర్మానమును మేము పూర్ణముగా బలపరచుచున్నాము: మన సంఘములో మద్యము పోయు పెండ్లికి కాపరియు పెద్దలును ఆరాధన జరిపింతురు గాని భోజనమునకు కూర్చుండరు. దీనికి కొందరు కోపపడిరి. కోపము కొన్నాళ్లలో తగ్గును.

త్రాగుడుకు చిక్కినవానిని గూర్చి ఒక మాట చెప్పక విడువరాదు. ఏలయనగా గోతికి మూత వేయుట ఒక పని, ఇదివరకే పడినవానిని తీయుట మరియొక పని. ప్రార్థనకు తీసికొనివచ్చి, ఒట్టు వేయించి, ఒకనాటితో మాన్పించి గదిలో తలుపు వేయుట మన పల్లెలలో గలదు. ఇది ప్రమాదము. ఏండ్ల తరబడి ప్రతిదినము మిక్కుటముగా త్రాగినవాడు అకస్మాత్తుగా మానినయెడల, మొదటి దినమునుండియే చేతులు వణకును, చెమటలు పోయును, నిద్ర పట్టదు. కొందరికి మూర్ఛ వచ్చును. రెండు మూడు దినములలో లేనివి కనబడి, లేని మాటలు వినబడి, మనుష్యులను గుర్తుపట్టక కేకలు వేయుదురు. దానిని దయ్యమని తలంచి కట్టివేసి కొట్టుట ఘోరము. అది శరీరము మత్తుకు అలవాటుపడి ఎదురు తిరుగుట. వైద్యము లేనియెడల ప్రాణము పోవచ్చును. వైద్యమున్నయెడల చాలామంది తేరుకొందురు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము ఉన్నది. చిత్తూరు ప్రక్కవారికి వేలూరు మిషను ఆసుపత్రి దూరము కాదు. 14446 అను నంబరుకు ఫోను చేసినయెడల ఖర్చు లేకుండ సలహా చెప్పుదురు. ప్రార్థన చేయుడి, బండి కట్టుడి. రెండును ఒకే ఉదయమున చేయవచ్చును. సమరయుడు గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసిన పిమ్మట అక్కడనే మోకరించి ఊరకుండలేదు, తన వాహనము మీద ఎక్కించి పూటకూళ్ల యింటికి చేర్చి, మరునాడు రెండు దేనారములు ఇచ్చి, మిగిలిన ఖర్చుకు పూటబడెను.

ఆ ఖర్చును గూర్చి సంఘ పెద్దలు ఈ నెలలో ఆలోచింపవలెను. ఆసుపత్రికి పోవువాని కూలి పోవును, తోడుపోవు భార్య కూలియు పోవును. ఆవును ఎవరు పితుకుదురు, బిడ్డలను బడికి ఎవరు పంపుదురు? ఈ చిన్న ప్రశ్నలకు జవాబు లేకనే అనేకులు మూడవ దినమున ఆసుపత్రినుండి లేచి వచ్చుచున్నారు. కానుకలోనుండి కొంత తీసి ప్రత్యేకముగా ఉంచుటకును, ఇద్దరిద్దరు ఇండ్లు పంచుకొని ఆ పనులు చూచుకొనుటకును స్త్రీల సమాజమువారు ముందుకు వచ్చియున్నారు. పురుషుల సహవాసమునుండి ఇంకను పేర్లు రాలేదు.

అర్జీని గూర్చి తెలియజేయునదేమనగా: కలెక్టరు కార్యాలయములో ప్రజల అర్జీలు తీసికొనునది సోమవారము. ఎక్సైజు కార్యాలయమునకు ఒక ప్రతియు, పంచాయతీకి ఒక ప్రతియు వేరుగా ఇయ్యవలెను. ప్రతి చోటను చేరినట్లు ముద్ర వేయించుకొని రసీదు తేవలెను. మన పల్లెలలో కొన్ని 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో చేరినవి, మిగిలినవి చిత్తూరులోనే ఉన్నవి; ఏ జిల్లావారు ఆ జిల్లా కార్యాలయమునకే పోవలెను, లేనియెడల ఒక దినము వ్యర్థమగును. అర్జీతోకూడ రేవు ఎక్కడ, బడి ఎక్కడ, దుకాణపు స్థలము ఎక్కడ అని చేతితో గీసిన పటమొకటి జతచేయుడి. నడుచు దారిని మీరే తాడు పట్టి కొలిచి, ఆ కొలత అందులో వ్రాయుడి. సంతకము రానివారు వేలిముద్ర వేయవచ్చును. ప్రక్కన సాక్షి పేరు వ్రాయుట మరువవద్దు.